ముందు ఆరు పళ్ళూ సర్దేస్తే చాలా?

బెంగళూరులో మారతహళ్ళి, కుందలహళ్ళి, బెల్లందూరు వైపు పళ్ళ క్లినిక్కులకు వెళ్ళే మన తెలుగువాళ్ళ కోరిక చాలాసార్లు ఒకేలా ఉంటుంది. "మాఘంలో పెళ్ళండీ. ముందు ఆరు పళ్ళూ సర్దేయండి చాలు. దవడ పళ్ళతో నాకే ఇబ్బందీ లేదు, మాంసం కూడా శుభ్రంగా నములుతాను. కాటూ గీటూ అని రెండేళ్ళు లాగకండి." డాక్టర్ల వైపు నుంచి వచ్చే జవాబు కూడా మారదు: "అందం తర్వాతమ్మా, ముందు కాటు." కాటంటే నోరు మూసినప్పుడు పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు.

రెండూ సగం నిజాలే. ముందు పళ్ళు ఒక్కటే సర్దితే చాలనేవాళ్ళు ఆ పళ్ళు దేనికి తగులుతున్నాయో చూడరు. కాటే ముఖ్యం అనేవాళ్ళు, పుస్తకం కొలతలకు కాటు కుదిర్చి, ముఖం చప్పబడిపోయినా పని అయిపోయిందంటారు. నా వాదన ఒకటే. పై ముందు పళ్ళు ముఖంలో ఎక్కడ నిలబడాలో అందమే నిర్ణయించాలి. క్లిప్పులు ఎప్పుడు ఊడదీయాలో కాటు నిర్ణయించాలి. మన దగ్గర ఇది తిరగబడింది. పళ్ళు ఎక్కడికి వెళ్ళాలన్నది సెఫలోగ్రామ్ (తలను పక్క నుంచి తీసే ఎక్స్‌రే) మీద గీతలు చెబుతున్నాయి, ఎప్పుడు ముగించాలన్నది పెళ్ళి ముహూర్తం చెబుతోంది.

ముందు కాటు సంగతి. 1899లో ఎడ్వర్డ్ యాంగిల్ అనే అమెరికన్ డాక్టరు పై దవడలో మొదటి పెద్ద దవడ పన్ను ముందు బుడిపె కింది పన్ను మీది గాడిలో కూర్చోవాలని సూత్రం పెట్టాడు. నేటికీ మన రిపోర్టుల్లో కనిపించే క్లాస్ వన్ (అలా కుదిరినది), క్లాస్ టూ (కింది పన్ను వెనకబడినది), క్లాస్ త్రీ (కింది పన్ను ముందుకొచ్చినది) ఆయన విభజనే. 1972లో లారెన్స్ ఆండ్రూస్, క్లిప్పుల అవసరమే లేకుండా చక్కగా కుదిరిన 120 మంది పళ్ళ అచ్చులు కొలిచి ఆరు లక్షణాలు రాశాడు. ఇవాళ వాడే బ్రాకెట్లలో (క్లిప్పుల్లో పన్ను మీద అంటించే చిన్న ముక్కలు) ముందే చెక్కి వచ్చే కోణాలకు మూలం అదే. అంకెల్లో చెప్పాలంటే పై పళ్ళు కింది పళ్ళ కంటే 2, 3 మిల్లీమీటర్లు ముందుకు ఉండాలి, కింది పళ్ళను నిలువుగా కూడా అంతే కప్పాలి.

ఇదంతా నోరు మూసి కదలకుండా ఉన్నప్పటి బొమ్మ. నోరు కదులుతుంది కదా. గట్టిగా మూసినప్పుడు బరువు దవడ పళ్ళ మీద పడాలి, ముందు పళ్ళు తగిలీ తగలనట్టు ఉండాలి. కింది దవడను పక్కకు జరిపితే కోరపళ్ళు ఒకదాని మీద ఒకటి జారి వెనక పళ్ళను విడదీయాలి. ముందుకు జరిపితే ఆ పని ముందు పళ్ళు చేయాలి. దీన్ని పరీక్షించడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. రంగు కాగితం కొరికించి మచ్చలు ఎక్కడ పడ్డాయో చూస్తారు. 8 మైక్రాన్ల పల్చటి రేకు దవడ పళ్ళ మధ్య పెట్టి లాగితే అది పట్టుకోవాలి, ముందు పళ్ళ దగ్గర జారి వచ్చేయాలి. పై ముందు పళ్ళ మీద వేలు ఆనించి టకటకా కొరకమంటే వేలికి అదురు తెలియకూడదు. తెలిసిందంటే ఆ పన్ను ప్రతి కాటుకీ దెబ్బ తింటున్నట్టు.

ఇక్కడే డాక్టర్ల మీద నా ఫిర్యాదు కూడా చెప్పాలి. "ఇలాగే వదిలేస్తే దవడ కీలు పోతుంది, తలనొప్పులొస్తాయి" అని భయపెట్టి క్లిప్పులు అంటించేవాళ్ళున్నారు. పళ్ళ వంకర వల్లే కీలు నొప్పి వస్తుందనీ, క్లిప్పులతో అది పోతుందనీ చెప్పడానికి గట్టి ఆధారం లేదు. క్లిప్పుల వల్ల కీలు పాడవుతుందనడానికీ లేదు. కాటు గురించి నిజంగా కంగారు పడాల్సిన సందర్భాలు వేరు. కింది ముందు పళ్ళు పైకి గుచ్చుకుని అంగిలి చిగురును కోసే డీప్ బైట్ ఒకటి. పై ముందు పన్ను ఒకటి లోపలికి పడి, ఎదురుగా ఉన్న కింది పన్నును బయటికి తోసి, దాని చిగురు కిందికి దిగిపోయే క్రాస్ బైట్ మరొకటి. ఎముకలో ఇరుక్కుపోయి పక్క పన్ను వేరును కరిగించే కోరపన్ను ఇంకొకటి. ముందు పళ్ళు అసలు కలవని ఓపెన్ బైట్ ఉన్నవాళ్ళకి సేమ్యా తెగదు, టమాటా తొక్క తెగదు, ఆవకాయ బద్ద పీచు పక్క పళ్ళతో లాగాల్సి వస్తుంది. ఇక పిల్లల్లో పై పళ్ళు 3 మిల్లీమీటర్లు దాటి ముందుకు ఉంటే, పడ్డప్పుడు అవి దెబ్బతినే ప్రమాదం సుమారు రెట్టింపు. వీటిలో ఏదీ లేక, ఒక పన్ను కాస్త తిరిగి ఉండటమే సమస్య అయితే అది అందం కోసం చేయించుకునే పనే. అలా చెప్పి చేయడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

పీకడమా, మానడమా

అందం, కాటు ఎక్కువగా ఢీకొట్టేది ఎత్తుపళ్ళ దగ్గర. మన దక్షిణాది ముఖాల్లో పై దవడా కింది దవడా రెండూ కాస్త ముందుకు ఉండటం మామూలే. పెదాలు మూయాలంటే గడ్డం ముడతలు పడేంత బిగించాల్సి వస్తుంటే చిన్న దవడ పళ్ళు నాలుగు తీసి, ఆ ఖాళీలోకి ముందు పళ్ళను లాగడం పాత పద్ధతి, మంచి పద్ధతి. దీనిమీద వాదన కూడా పాతదే. యాంగిల్ పన్ను పీకడానికి ఒప్పుకునేవాడు కాదు. అన్ని పళ్ళూ కుదిరితే ముఖం దానంతట అదే కుదురుతుందన్నాడు. ఆయన శిష్యుడే చార్ల్స్ ట్వీడ్. తాను పీకకుండా సర్దిన పళ్ళు మళ్ళీ చెదరడం, మూతులు ముందుకు పొడుచుకు రావడం చూసి, అదే రోగులకు పళ్ళు తీసి మళ్ళీ వైద్యం చేశాడు.

పీకితే ఎంత మార్పు వస్తుందో ముందే లెక్క కట్టొచ్చు. చిన్న దవడ పన్ను వెడల్పు సుమారు 7 మిల్లీమీటర్లు. ఒక దవడలో రెండు తీస్తే 14. ముందు పళ్ళ ఇరుకు 4 మిల్లీమీటర్లు ఉందనుకోండి, అవి వరసలోకి రావడానికే ఆ నాలుగూ పోతాయి. మిగిలింది 10, అంటే పక్కకి 5. ముందు పళ్ళను వెనక్కి లాగేటప్పుడు వెనక దవడ పళ్ళు కూడా ముందుకు జరుగుతాయి. ఆపే ఏర్పాటు లేకపోతే ఖాళీలో మూడో వంతో, ఇంకా ఎక్కువో అవే తినేస్తాయి. అంటే ముందు పళ్ళు వెనక్కి వెళ్ళేది 3 మిల్లీమీటర్లు, మరికాస్త. పెదవి పన్నుతో సమానంగా వెనక్కి రాదు, సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా వస్తుంది. పల్చటి పెదవి ఎక్కువ, మందపాటి పెదవి తక్కువ. చివరికి కనిపించే మార్పు సుమారు 2 మిల్లీమీటర్లు. అంతకంటే కావాలంటే రెండో చిన్న దవడ పన్నుకీ మొదటి పెద్ద దవడ పన్నుకీ మధ్య ఎముకలో మినీ స్క్రూ బిగించి దాని ఆసరాతో లాగాలి. మిల్లీమీటరున్నర మందం, 8 మిల్లీమీటర్ల పొడవుండే టైటానియం స్క్రూ అది. పదింటిలో ఒకటో రెండో వదులైపోతాయి, కాస్త జరిపి మళ్ళీ వేస్తారు. అదేం పెద్ద వైఫల్యం కాదు.

కొందరికి 2 మిల్లీమీటర్లే చాలు, కొందరికి 5 కావాలి. ఈ సంఖ్య మొదటి రోజునే మాట్లాడుకోవాలి. "ఎంత లోపలికి వెళ్తాయి?" అని అడిగితే "బాగా వెళ్తాయండి" అనే జవాబు జవాబు కాదు.

ఎంత లాగాలన్నది ఏ కొలతతో తేల్చాలి? రాబర్ట్ రికెట్స్ పేరు మీద ఒక గీత ఉంది, ముక్కు కొన నుంచి గడ్డం కొనకు. కింది పెదవి ఆ గీతకు 2 మిల్లీమీటర్లు వెనక ఉండాలన్నది తెల్లవాళ్ళ ముఖాలకు కట్టిన లెక్క. మనవాళ్ళలో పెదవి గీతను తాకుతూనో కాస్త దాటో ఉంటే సహజంగా ఉంటుంది. ఆ 2 మిల్లీమీటర్ల కోసం 22 ఏళ్ళ అమ్మాయి పళ్ళను లోపలికి లాగేస్తే ముక్కు పెద్దదైనట్టూ మూతి లోపలికి పోయినట్టూ కనిపిస్తుంది. పైగా వయసుతో పెదాలు పల్చబడతాయి. ఇవాళ బావున్న లోతు నలభై దాటాక పళ్ళు ఊడిన మూతిలా తేలుతుంది. కాబట్టి ముఖాన్ని చూసి నిర్ణయించండి, గీతను తర్వాత చూడండి అంటాను.

ఎంత లాగాలన్నదే కాదు, ఎలా లాగారన్నదీ ముఖ్యమే. ఖాళీ మూయడానికి 0.022 అంగుళాల స్లాట్లో (బ్రాకెట్‌లో వైరు కూర్చునే గాడి) 0.019×0.025 అంగుళాల స్టీలు వైరు వేసి, పక్కకి 150 నుంచి 200 గ్రాముల బలంతో లాగడం చాలామంది పాటించే పద్ధతి. నెలకు సుమారు ఒక మిల్లీమీటరు నడుస్తుంది. అంత లావు వైరుకి కూడా స్లాట్లో 10 డిగ్రీల దాకా ఆట ఉంటుంది. ఆ మేరకు పన్ను నిటారుగా రాకుండా తల వెనక్కి వాలుస్తుంది, వేరు ముందే ఉండిపోతుంది. ఇక తొందరపడి మెత్తటి సన్న నికెల్ టైటానియం వైరు మీదే పవర్ చైన్ (సాగే రబ్బరు గొలుసు) బిగించి లాగితే కోరపన్ను వెనక్కి ఒరుగుతుంది, మధ్యలో పళ్ళు తేలిపోతాయి, ముందు పళ్ళు కిందికి దిగి డీప్ బైట్ అవుతుంది. పై పళ్ళు గోడలా నిలువుగా నిలబడి, కింది పళ్ళు ముందుకు జారే దారి మూసేస్తాయి. ఫోటోలో ఖాళీలు మూసుకుపోయి ఉంటాయి, నవ్వినప్పుడు మాత్రం చిగురు ఎక్కువ కనిపిస్తుంది, కాటు వేసినప్పుడు ముందు పళ్ళు అదురుతాయి. సరిచేయడానికి మళ్ళీ ఆరేడు నెలలు. ఖాళీ 6 మిల్లీమీటర్లు ఉంటే ఆరు నుంచి ఎనిమిది నెలలు పట్టడం ధర్మం. మూడు నెలల్లో మూసుకుపోయిందంటే సంతోషించే ముందు పక్క నుంచి ఫోటో తీయించుకుని చూడండి.

"పళ్ళు పీకకుండానే" అనే బోర్డుల సంగతి ఇంకో కొస. ఇరుకు 3, 4 మిల్లీమీటర్లే ఉంటే పళ్ళ మధ్య సన్నగా అరగదీసి సర్దొచ్చు. ఒక్కో సందులో రెండు పళ్ళూ కలిపి అర మిల్లీమీటరు దాకా తీయొచ్చు. కింది ఆరు ముందు పళ్ళ మధ్య అయిదు సందులు, అంటే రెండున్నర మిల్లీమీటర్లు అక్కడే దొరుకుతాయి. ఇరుకు 8 మిల్లీమీటర్లుంటే ఈ లెక్క తెగదు. అప్పుడు దవడను వెడల్పు చేస్తాం అంటారు. కింది కోరపళ్ళ మధ్య వెడల్పు పెంచితే రిటైనర్ (క్లిప్పులు తీశాక పళ్ళు కదలకుండా పెట్టుకునేది) వదిలిన మరుక్షణం నుంచి వెనక్కి రావడం మొదలవుతుంది. కింది ముందు పళ్ళు ఎముక అంచు దాటి బయటికి వస్తే, చిగురు పల్చగా ఉన్నవాళ్ళకి వేర్లు బయటపడతాయి. పన్ను పీకలేదన్న గర్వం ఉంటుంది, చిగురు మాత్రం ఉండదు.

ఆరు పళ్ళ ప్లాను ఎక్కడ విరుగుతుంది

ముందు పళ్ళ మధ్య సందు మూయమని వచ్చేవాళ్ళని తీసుకుందాం. అన్నిటికంటే తేలికైన కేసులా కనిపిస్తుంది. రెండు బ్రాకెట్లు, ఒక చైన్, రెండు నెలలు. కానీ ఆ సందు చాలామందిలో డీప్ బైట్‌తో కలిసి ఉంటుంది. కింది పళ్ళు పై పళ్ళ వెనక గోడను కాటు వేసిన ప్రతిసారీ తోస్తుంటాయి. ముందుగా ఆ కాటును తెరవకుండా, అంటే పై పళ్ళు కింది పళ్ళను కప్పే లోతు తగ్గించకుండా, సందు మూస్తే, వెనక వైరు అంటించినా ఆ వైరు విరుగుతుంది, లేదా పళ్ళు మళ్ళీ విచ్చుకుంటాయి. రోగి జిగురు బాలేదంటాడు. అసలు కారణం అక్కడ చోటు లేకపోవడం.

చోటు ఎలా చేయాలన్న దగ్గర మళ్ళీ అందం మాట చెల్లుతుంది. డీప్ బైట్ తెరవడానికి మూడు దారులు: పై ముందు పళ్ళను పైకి తోయడం, కింది ముందు పళ్ళను కిందికి తోయడం, దవడ పళ్ళను కాస్త పైకి రానివ్వడం. కాటు దృష్టిలో మూడూ ఒకటే. ముఖం దృష్టిలో కాదు. "అమ్మ" అని పలికి పెదాలు వదిలేయండి. వయసులో ఉన్న ఆడవాళ్ళకి పై పళ్ళు సుమారు 3 నుంచి 4 మిల్లీమీటర్లు, మగవాళ్ళకి సుమారు 2 మిల్లీమీటర్లు కనిపించాలి. ఏళ్ళు గడిచేకొద్దీ ఇది తగ్గుతూ, కింది పళ్ళు కనిపించడం మొదలవుతుంది. ఇప్పటికే మిల్లీమీటరే కనిపిస్తున్న మనిషికి పై పళ్ళను ఇంకా పైకి తోస్తే కాటు పుస్తకంలో బొమ్మలా ఉంటుంది, నవ్వు మాత్రం పదేళ్ళు పెద్దదైపోతుంది. వాళ్ళకి కింది పళ్ళే దిగాలి. నవ్వితే చిగురు 4, 5 మిల్లీమీటర్లు బయటపడేవాళ్ళకి సరిగ్గా ఉల్టా. ఈ ఒక్క కొలత రాసుకోకుండా డీప్ బైట్ ప్లాను వేసేవాళ్ళంటే నాకు నమ్మకం లేదు.

కాటు తెరవడానికి పై ముందు పళ్ళ వెనకో దవడ పళ్ళ మీదో చిన్న నీలం రంగు దిమ్మలు అంటిస్తారు. ఆ కొన్ని వారాలూ పళ్ళు రెండు మూడు చోట్లే తగులుతాయి, నమలడం కుదరదు. ఇడ్లీ, పెరుగన్నం, మెత్తటి పప్పుతో నెట్టుకురావాలి. చేగోడీలు, సకినాలు ఆగాల్సిందే. ఇది ముందే చెప్పకపోతే మూడో రోజే ఫోన్ వస్తుంది, "దిమ్మలు తీసేయండి" అని. డీప్ బైట్ ఉన్నవాళ్ళు కింది పళ్ళకి సెరామిక్ బ్రాకెట్లు అడగకూడదు కూడా. సెరామిక్ పన్ను పైపొర కంటే గట్టిది. పై పళ్ళు దానిమీద రాసుకుని అరిగిపోతాయి. పైన సెరామిక్, కింద మెటల్ అనే రాజీ అందుకే వచ్చింది.

పళ్ళ సైజు ఇంకో చిక్కు. వేన్ బోల్టన్ 1958లో లెక్క తేల్చాడు: కింది ఆరు ముందు పళ్ళ వెడల్పుల మొత్తం, పై ఆరింటి మొత్తంలో 77.2 శాతం ఉంటే కాటు కుదురుతుంది. పై పక్క పళ్ళు సన్నగా మొలకల్లా ఉన్నవాళ్ళలో ఈ శాతం తప్పుతుంది. ఖాళీలన్నీ బిగించి మూస్తే పై వరస చిన్నదై కింది పళ్ళ మీదికి గుద్దుకుంటుంది. దారి ఏమిటంటే, చిన్న పన్నుకి రెండు వైపులా ఖాళీ ఉంచి, చివర్లో పంటి రంగు ఫిల్లింగైన కాంపోజిట్‌తో ఆ పన్నును పూర్తి సైజుకి కట్టడం. "క్లిప్పులు వేశాక కూడా ఖాళీ ఎందుకు ఉంచారు" అని గొడవ పెట్టుకునే ముందు ఇది అడగండి.

ఇరుకు పళ్ళు వరసలోకి వచ్చాక చిగురు దగ్గర నల్లటి త్రికోణాలు కనిపించడం పెద్దవాళ్ళలో మామూలు. పళ్ళు తాకే చోటు నుంచి ఎముక అంచుకు దూరం 5 మిల్లీమీటర్లు మించకపోతే చిగురు నిండుతుంది, 6 అయితే సగం మందికే నిండుతుంది, 7 అయితే పావు వంతుకి. ఇది 1992లో టార్నో బృందం కొలిచింది. పళ్ళ పక్కలను కాస్త అరగదీసి తాకే చోటును చిగురు వైపు దింపితే త్రికోణం చిన్నదవుతుంది.

క్లిప్పుల బదులు అలైనర్లు (పారదర్శకమైన ప్లాస్టిక్ ట్రేలు) వేసుకున్నా నియమాలు ఇవే. ఒక్కో ట్రే పన్నును సుమారు పావు మిల్లీమీటరు జరుపుతుంది, రోజుకి 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి. కంప్యూటర్లో చూపించే కదిలే బొమ్మ కోరిక మాత్రమే, ఫలితం కాదు. గుండ్రటి కోరపన్నును తిప్పడం, పీకిన ఖాళీలోకి వేరుతో సహా లాగడం, డీప్ బైట్ తెరవడం ప్లాస్టిక్‌కి కష్టం. ఇంకో తమాషా, రెండు ట్రేల మందం రోజంతా దవడ పళ్ళ మధ్య ఉండి వాటిని లోపలికి నొక్కుతుంది. చివరికి ముందు పళ్ళు ముత్యాల్లా ఉంటాయి, వెనక పళ్ళు అసలు తగలవు. అప్పుడు చివరి ట్రేల వెనక భాగం కత్తిరించి పళ్ళను దిగనివ్వాలి, లేదా పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య తగిలించే రబ్బర్లు వేయాలి. ఎక్స్‌రే లేకుండా, ఇంట్లో తీసుకున్న అచ్చులతోనో దుకాణంలో స్కాన్‌తోనో ట్రేలు అమ్మిన అమెరికా కంపెనీ స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2023 డిసెంబరులో మూతపడింది. వైద్యం మధ్యలో ఉన్నవాళ్ళు దిక్కు తోచక మిగిలారు. బెంగళూరులో ఇంటికొచ్చి స్కాన్ చేసేవాళ్ళని పిలిచినా తప్పు లేదు. ప్లాను మీద సంతకం ఏ ఆర్థోడాంటిస్టుదో (పళ్ళు సర్దే స్పెషలిస్టు), ఆ మనిషి మీ నోరు ఎప్పుడు చూస్తాడో మాత్రం తెలుసుకోండి.

నల్గొండ, కనిగిరి ప్రాంతాల నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకి ఒక మాట. ఫ్లోరైడ్ మచ్చలున్న పన్ను పైపొర ఆమ్లానికి లొంగదు. మామూలుగా 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం 15 నుంచి 30 సెకన్లు పెడితే బ్రాకెట్ అంటుకుంటుంది. మీకు ఇంకాస్త ఎక్కువసేపు పెట్టాలి, పైపొరను సన్నగా గీకాలి, ప్రత్యేకమైన ప్రైమర్ వాడాలి. అయినా బ్రాకెట్లు ఎక్కువ ఊడతాయి, దానికి మీ తిండిని తిట్టినా పట్టించుకోకండి. మచ్చలు పోవడానికి వెనీర్లు (పన్ను ముందు అంటించే పల్చటి పొరలు) వేయించుకోవాలని ఉంటే వైద్యం అయ్యాకే. వంకర పళ్ళ మీద ముందే వెనీర్లు వేస్తే మంచి పన్నును ఎక్కువ చెక్కాల్సి వస్తుంది. కాటు అంచు మీద అంచు పడే చోట వెనీరు పెచ్చులూడుతుంది.

దవడ ఎముకే తేడా అయితే

కింది దవడ ముందుకు పెరిగిన వాళ్ళలో అందం, కాటు మధ్య నిజమైన ఎంపిక ఉంటుంది. పళ్ళను మాత్రమే వాల్చి తేడాను దాచొచ్చు, లేదా ఆపరేషన్‌తో ఎముకనే జరపొచ్చు. దాచేటప్పుడు సాధారణంగా కింది చిన్న దవడ పళ్ళు తీస్తారు. ఆపరేషన్‌కి సిద్ధం చేసేటప్పుడు తీయాల్సి వస్తే పై పళ్ళు తీస్తారు. రెండూ ఎదురు దారులు. ముందు దాచి, రెండేళ్ళకి మనసు మారి ఆపరేషన్ అంటే అప్పటికే పళ్ళు తప్పు చోట పోయి ఉంటాయి. ఆపరేషన్‌కి ముందు ఏడాదో ఏడాదిన్నరో క్లిప్పులు పెట్టి, వాలిన పళ్ళను నిటారు చేస్తారు. ఆ కాలమంతా ముఖం ఉన్నదానికంటే అన్యాయంగా కనిపిస్తుంది. సంబంధాలు చూస్తున్న ఇంట్లో దీన్ని భరించడం తేలిక కాదు. అందుకని పెరుగుదల ఆగిందని రూఢి అయ్యాక, మగపిల్లలకైతే ఇరవై దగ్గర పడ్డాక, మొదలుపెట్టే ముందే ఇంట్లోవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఆ మధ్యకాలం ఎలా ఉంటుందో ఫోటోలతో చూపించే డాక్టరే కావాలి. కింది దవడ చిన్నదైన పిల్లలకు ఎదిగే వయసులోనే ట్విన్ బ్లాక్ (కింది దవడను ముందుకు పట్టి ఉంచే, తీసి పెట్టుకునే పరికరం) లాంటివి వాడొచ్చు, ఆడపిల్లలకి సుమారు 10 నుంచి 12, మగపిల్లలకి 12 నుంచి 14 ఏళ్ళప్పుడు. ఆ వయసు దాటితే అది ఇక పనిచేసే వస్తువు కాదు.

చివరి ఆరు నెలలు

పళ్ళు వరసలోకి వచ్చాయి, ఖాళీలు మూసుకున్నాయి, అద్దంలో అంతా బావుంది. ఇక్కడే రోగులు కనిపించకుండా పోతారు, లేదా "తీసేయండి" అంటారు. కాటు కుదిరేది మాత్రం ఇప్పుడే. ఓపిజి (అన్ని పళ్ళూ ఒకేసారి కనిపించే ఎక్స్‌రే) తీసి వేర్లు సమాంతరంగా ఉన్నాయో చూడాలి, తేడాగా ఉన్న బ్రాకెట్లను ఊడదీసి మళ్ళీ అంటించాలి, చివరి పెద్ద దవడ పళ్ళను కూడా వైరులోకి తీసుకోవాలి. రబ్బర్లు 3/16 అంగుళాలవో 1/4 అంగుళాలవో రోజంతా వేసుకుని, తిండికీ పళ్ళు తోముకోవడానికీ మాత్రమే తీయాలి. రాత్రి పూట మాత్రమే వేసుకుంటే పన్ను రాత్రి ముందుకీ పగలు వెనక్కీ ఊగుతుంది తప్ప పని జరగదు.

అన్నీ సంపూర్ణంగా కుదిరే దాకా లాగమని కాదు. ఎంత ఎక్కువ కాలం పళ్ళను జరిపితే వేర్ల కొనలు అంత కరిగే అవకాశం ఉంది. వదిలేయదగినవి కొన్ని ఉన్నాయి. పై ముందు పళ్ళ మధ్యగీత ముక్కుకి ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకి ఉంటే మామూలు కంటికి తెలియదు. దాని కోసం మరో అయిదు నెలలు నేనైతే ఖర్చు పెట్టను. మధ్యగీత ఒరిగి ఉంటే మాత్రం ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది, దాన్ని వదలకూడదు. పై చిన్న దవడ పళ్ళు రెండే తీసిన కేసుల్లో వెనక దవడ పళ్ళు క్లాస్ టూలోనే ఆగిపోతాయి, నమలడానికి అది ఏ అడ్డూ కాదు. కోరపళ్ళు కుదరకపోవడం, ఒక పక్క దవడ పళ్ళు తగలకపోవడం, ముందు పన్ను అదరడం, ఈ మూడూ ఉండగా మాత్రం క్లిప్పులు తీయించుకోకూడదు.

మరి మాఘంలో పెళ్ళి? దానికి దారి ఉంది. పెళ్ళికి వారం ముందు పై ముందు ఆరు బ్రాకెట్లు ఊడదీసి, పాలిష్ చేసి, పారదర్శకమైన రిటైనర్ ఇస్తే తాళి కట్టే వేళ, ఫోటోల వేళ అది తీసి పక్కన పెట్టుకోవచ్చు. రాత్రీ మిగతా వేళలా పెట్టుకోవాలి. పది రోజుల తర్వాత వచ్చి మళ్ళీ అంటించుకుంటే వైద్యం నెలో రెండు నెలలో వెనకబడుతుంది. ఇది ముందే చెబితే డాక్టరు ఆ సమయానికి ఖాళీ మూసే పని పెట్టుకోకుండా చూస్తాడు. ముహూర్తం పెట్టగానే చెప్పండి, శుభలేఖలు పంచేటప్పుడు కాదు.

రిటైనర్ ఎంపికలో కూడా ఇదే పేచీ. పారదర్శకమైనది కనపడదు, కానీ దవడ పళ్ళను కప్పేస్తుంది కనుక అవి ఒకదాని మీద ఒకటి దిగి స్థిరపడవు. తీగతో ఉండే హాలీ రిటైనర్ ముందు కనిపిస్తుంది, దవడ పళ్ళను మాత్రం దిగనిస్తుంది. కాటు ఇంకా కాస్త స్థిరపడాల్సి ఉంటే హాలీ, అంతా కుదిరి ఉంటే పారదర్శకమైనది. కింద కోరపన్ను నుంచి కోరపన్ను దాకా లోపల వైరు అంటించడం మంచిదే. పైన అదే వైరు డీప్ బైట్ మిగిలినవాళ్ళకి పదే పదే ఊడుతుంది. మొదటి ఆరు నెలలు రోజంతా, ఆ తర్వాత రాత్రిళ్ళు. ఎన్నాళ్ళంటే, పళ్ళు వరసలో ఉండాలనుకున్నన్నాళ్ళు.

ఖర్చు తగ్గించుకోవాలని డెంటల్ కాలేజీకి వెళ్ళేవాళ్ళు ఒకటి చూసుకోవాలి. విక్టోరియా ఆసుపత్రి పక్కన ఉన్న ప్రభుత్వ డెంటల్ కాలేజీలోనైనా, ప్రైవేటు కాలేజీల్లోనైనా వైద్యం చేసేది ప్రొఫెసర్ల పర్యవేక్షణలో ఉన్న పీజీ విద్యార్థులు. పని నిదానంగా, జాగ్రత్తగా జరుగుతుంది, ప్రతి దశా మరొకరు చూస్తారు. ఆ పీజీ చదువు, ఎండీఎస్, మూడేళ్ళు. చివరి సంవత్సరం విద్యార్థి దగ్గర మొదలుపెడితే మధ్యలో మీ కేసు మరో చేతికి మారుతుంది, కాబట్టి మొదటి సంవత్సరం వాళ్ళని అడగండి.

ఉద్యోగం మారి హైదరాబాదుకో డల్లాస్‌కో వెళ్ళిపోతుంటే ఫైలు అడిగి తీసుకోండి. మొదటి రోజు ఫోటోలు, ఓపిజి, సెఫలోగ్రామ్, స్కాన్ ఫైళ్ళు, స్లాట్ 0.018 అంగుళాలా 0.022 అంగుళాలా, బ్రాకెట్ల కోణాల రకం ఎంబిటీయా రోతా, ఇప్పుడున్న వైరు ఏది, మినీ స్క్రూలు ఎక్కడున్నాయి, ఎన్ని మిల్లీమీటర్ల ఖాళీ మిగిలింది, ఇప్పటిదాకా ఎంత కట్టారు. స్లాట్ సైజు తెలియకపోతే కొత్త డాక్టరు అన్నీ ఊడదీసి తన బ్రాకెట్లు అంటిస్తాడు, ఆ ఖర్చు మళ్ళీ మీదే.